మనిషి లేని మిద్దె మీది పిట్టలు

అబీదా బీకి మంచి మాట చేతకాదు. కర్నూలు పాతబస్తీలో, మా వీధి చివర, ఆమె పరుపులు కుడుతుంది. దూది ఏకి, గుడ్డ సంచిలో సమంగా నింపి, జానెడు సూదితో ఆమె వేసే కుట్టు ఎంత తిన్నగా ఉంటుందో, ఆమె నోట వచ్చే మాట అంత వంకరగా ఉంటుంది. పెండ్లి పరుపు కావాలని వచ్చినవారిని "ఎన్నాళ్లు నిలవాలప్పా, పరుపా, పెండ్లా?" అని అడిగి, చేతికి వచ్చిన పనిని పోగొట్టుకున్న సందర్భాలు నేనే చూశాను. భర్త పోయి చాలాకాలమైంది. ఒక్కతే కూతురు ఫిరోజా రాజంపేటలో కాపురముంటున్నది. ఇక ఆ ఇంట మిగిలినవి కింద దూది, పైన పావురాలు.

పావురాలు పెంచడం మా పట్నంలో మగవాళ్ల వ్యసనం. దానికొక ధర్మశాస్త్రం కూడా ఉన్నది. సాయంకాలం ఎండ తగ్గగానే ఒక్కొక్క మిద్దె మీది నుంచి ఒక్కొక్క గుంపు లేస్తుంది. పైన గుంపులు కలుస్తాయి. కింద యజమానులు ఈలలు వేస్తారు, కర్రకు కట్టిన గుడ్డలు ఊపుతారు. దారి తప్పిన పావురం పరాయి గుంపుతో కలిసి పరాయి మిద్దె మీద దిగిందంటే, ఆ మిద్దెవాడు దానిని పట్టుకొని రెక్క ఈకలను దారంతో కడతాడు. కొన్ని వారాలు ఎగరలేక అక్కడే తిని, అక్కడే పడుకొని, అది ఆ మిద్దెనే తన ఇల్లనుకుంటుంది. తరువాత దారం విప్పినా వెళ్లదు. కట్టినవాడిదే పిట్ట. పోగొట్టుకున్నవాడు అడగరాదు, పట్టుకున్నవాడు ఇవ్వరాదు. పావురాల కోసం ఇంతటి న్యాయవ్యవస్థను నిర్మించుకున్న ఈ మహానుభావులు, వీధి కుళాయి దగ్గర వరుసలో నిలబడడానికి మాత్రం ఒక్క నియమమూ పెట్టుకోలేకపోయారు.

ఈ మగవాళ్ల మధ్య అబీదా బీ ఒక్కతే ఆడది. భర్త ఉన్నప్పుడు ఆ పావురాలను తిట్టిపోసేదట. ఆయన పోయాక నాలుగు గింజలు వేసి వదిలేద్దామని మిద్దె ఎక్కినది, మళ్లీ సాయంకాలాలు కిందికి దిగలేదు. రెండు వీధుల అవతల పంక్చర్ల దుకాణం నడిపే హనుమేష్‌కూ ఆమెకూ ఆకాశంలో నిత్యం యుద్ధమే. మిద్దె మీద నిలబడి ఇద్దరూ అనుకునే మాటలు వీధి వీధంతటికీ వినపడేవి.

"ఏమక్కా, నీ తెల్లది మా ఇంటికి కాపురానికొచ్చిండాది! సారె పంపిస్తావా?"

"పెట్టుకోప్పా, పెట్టుకో! నీ మొగానికి అదొక్కటైనా దక్కనీ. మొన్న నీ మచ్చల పోతు నా కాడికొచ్చి, ఇంగ పోనని కూచున్యాది. మేత బెట్టకుంటే పిట్టలు గూడా విడాకులిస్తాయి!"

ఇలా సాగుతుండగా, ఉగాది వెళ్లిన వారంలో రాజంపేట నుంచి ఫోను వచ్చింది. ఫిరోజా కడుపులో కవలలు; రక్తపోటు హెచ్చుగా ఉన్నది; కాన్పు అయ్యేదాకా మంచం దిగరాదని డాక్టరమ్మ ఖండితంగా చెప్పినది. అల్లుడు లారీ డ్రైవరు. ఇంట్లో ఉండేది తక్కువ, రోడ్డు మీద ఉండేది ఎక్కువ. అత్తగారు లేరు. అబీదా బీ వెళ్లి తీరాలి, కాన్పు అయ్యేదాకా అంటే అయిదు నెలలు. వెళ్లాలంటే పావురాలను ఎవరైనా చూసుకోవాలి. వెంట తీసుకుపోదామంటే అక్కడున్నది ఒక్క గది అద్దె ఇల్లు. పైగా విడిచిన మరుక్షణం అవి కర్నూలు దారి పట్టి, నల్లమల దాటక ముందే డేగల పాలవుతాయి.

"అమ్మేయరాదా?" అన్నది వీధిలో ఒకావిడ.

"ఫిరోజాను అమ్మి పిట్టల కాడ ఉండమన్నా ఉంటా. ఏదమ్మమంటావో నువ్వే చెప్పు" అన్నది అబీదా బీ. ఆ ప్రశ్న వేసినావిడ మళ్లీ ఆ వైపు రాలేదు.

మొదట ఆమె శివకుమారిని అడిగింది. శివకుమారిది ఆ పక్క మేడ. ఆనుకొని ఉన్న మిద్దెలు. చేయి చాస్తే అందేంత దూరం. ఆ పావురాలు సంజ వెలుగులో తిరుగుతుంటే ఫోనులో బొమ్మలు తీసి, కింద ఏవో వేదాంతపు మాటలు రాసి లోకానికంతటికీ పంపేది శివకుమారే. ఆ బొమ్మలు చూసి ఆమె బంధువులు ఆమెను ప్రకృతి ప్రేమికురాలని మెచ్చుకునేవారు కూడా.

"అయ్యో, నాకు ఇష్టం లేకనా అబీదమ్మా?" అన్నది శివకుమారి, గడప లోపలే నిలబడి. "పావురాలు చేరిన ఇల్లు పాడుబడుతుందంట. మా అత్త ఒగటే చెప్తాది. మళ్లా పైన కొత్తగా టైల్స్ ఏయించినాం."

"మా ఇంటి మీద ఇన్నేండ్లుగా ఉండాయి గదా. పాడుబడిందా?"

శివకుమారి ఆ ఇంటి గోడ వైపు, అందులో పెచ్చులూడి ఇటుక కనబడుతున్న చోటు వైపు చూసి, ఎంతో మర్యాదగా చూపు తిప్పుకున్నది.

"అది సున్నం లేక ఊడిందమ్మా. పిట్టలుండి కాదు" అని అబీదా బీ వెనుదిరిగింది. దూరం నుంచి చూస్తే శుభం, దగ్గరకు వస్తే అశుభం: ఈ సూత్రం మీద మా వీధిలో చాలా స్నేహాలు నడుస్తున్నాయి, పావురాలను మాత్రమే తప్పుపట్టడం అన్యాయం.

తరువాత ఎవరో విహంగ సేవా సమితి అధ్యక్షుడు వీరభద్ర పేరు చెప్పారు. ఏటా ఎండాకాలం చెట్లకు మట్టి మూకుళ్లు వేలాడదీసి, వాటిలో నీళ్లు పోస్తూ పత్రికలలో కనిపించే పెద్దమనిషి. మరునాడు ఆ మూకుళ్లలో నీళ్లున్నాయో లేదో ఏ పత్రికా రాయదు. ఆయన ఇద్దరు మనుషులతో, ఒక ఫ్లెక్సీతో వచ్చారు. ఫ్లెక్సీ మీద ఆయన ముఖం మేడంత ఉన్నది. మూలన ఈగంత పావురం ఉన్నది. టీచరుగా పాత అలవాటు కొద్దీ అక్షరదోషాలు ఎంచడం మొదలుపెట్టి, నా ఆరోగ్యం దృష్ట్యా సగంలో మానుకున్నాను.

"మనం వీటికి స్వేచ్ఛ ప్రసాదిద్దామమ్మా" అన్నారాయన. "ఆదివారం నది ఒడ్డున కార్యక్రమం పెడదాం. నువ్వు ఒగటి, నేనొగటి పైకి ఎగరేద్దాం. వీడియో శానా బాగొస్తాది."

"ఎగరేస్తే ఈ మిద్దె మీదికే వస్తాయి సార్. అప్పుడెవరు మేపేది?"

"అది మా సమితి పరిధిలోకి రాదమ్మా."

"మీ పరిధి ఎంతవరకు సార్?"

"అవగాహన కల్పించే వరకు."

"నాకు శానా అయ్యింది సార్. ఇంగ మీరు పోయి రాండి."

చివరికి హనుమేషే తానుగా వచ్చాడు. చేతులకు నల్లటి రబ్బరు మరకలు. ముఖాన ఎప్పుడూ ఉండే వెక్కిరింపు. అరుగు మీద కూర్చున్న నాకొక నమస్కారం పడేసి, పని చేసుకుంటున్న ఆమెతో అన్నాడు.

"పంపించక్కా పిట్టల్ని. నా గూళ్లలో జాగా ఉండాది."

"రెక్కలు కట్టకుండా పెట్టుకుంటావా?"

"కట్టకుండా నిలబడేదానికి అవేమన్నా కోళ్లా? నువ్వు బస్సెక్కకముందే ఈడికొచ్చి కూచుంటాయి. కట్టాల్సిందే. కడ్తే నావైతాయి. అది నేను పెట్టిన న్యాయం గాదు."

"నా పిట్టల మీద నీ దారమా? నేను బతికుండగా గాదు."

"మళ్లా ఇస్తాన్లేక్కా."

"నువ్విస్తే నేను తీసుకుంటానా? కట్టిన పిట్టను అడుక్కోని తెచ్చుకున్యాదని ఊరంతా నవ్వరా? నీకేం, నీకు సిగ్గుంటే గదా!"

"నాకుంటేనే గదా ముందే చెప్తాండా!"

ఇద్దరి పౌరుషాలూ ఆ విధంగా ఊరి పరువును నిలబెట్టాయి. రాజంపేటలో ఒక పిల్ల మంచం మీద పడి ఉండగా, ఇక్కడ గుప్పెడు ఈకలకు చుట్టవలసిన దారపుముక్క గురించి ఇద్దరు పెద్దవాళ్లు ముఖాలు తిప్పుకొని నిలబడ్డారు. సూదిలో దారం ఎక్కించి ఊళ్లో ఇన్ని పరుపులను బిగించిన మనిషి, ఆ ఒక్క దారాన్నీ ఒప్పుకోలేకపోయింది.

అప్పుడు ఆమె చేసిన తెలివితక్కువ పని ఇది. హంద్రీ నది అవతల కల్లూరులో ఆమె మరిది కొడుకు అల్లా బాషాకు కోడిమాంసం దుకాణం ఉన్నది. అతడికి పావురాల ధర్మశాస్త్రం తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా లేదు. రెక్కలు కట్టకుండానే ఉంచుకుంటానన్నాడు. దుకాణం వెనుక ఖాళీగా ఉన్న ఒక కోళ్ల పంజరంలోకి పావురాలన్నీ చేరాయి. అబీదా బీ మిద్దె మీది గూళ్ల తలుపులు మూసి, ఇంటికి తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"పిట్టల్ని కసాయోని చేతిలో పెట్టి పోతాండావు" అన్నాను.

"దారం కట్టేవాని కన్నా కత్తి పట్టేవాడు నయం టీచరమ్మా" అన్నది. ఈ వాక్యంలో వ్యాకరణం నిర్దోషంగా ఉన్నది, తర్కమే లేదు.

రెండు వారాలు గడవలేదు. ఒక ఆదివారం, దుకాణంలో జనం కిక్కిరిసి ఉన్న వేళ, గింజలు వేయడానికి పంజరం తలుపు తెరిచిన అల్లా బాషా, బేరం కోసం ఎవరో పిలిస్తే అలాగే వదిలి వెళ్లాడు. మధ్యాహ్నానికి పావురాలు హంద్రీ దాటి మా వీధికి వచ్చేశాయి. నేను ఫోను చేస్తే అతడు ఏమాత్రం తొట్రుపడలేదు.

"పోతే పోయినాయి మేడం. యాడికి పోతాయి? వాళ్లింటికే గదా!"

వాళ్లింటికే వచ్చాయి, నిజమే. ఇంటికి తాళం, గూళ్లకు తలుపులు. కర్నూలు ఎండ ఎలాంటిదో తెలియనివారికి వర్ణించి ప్రయోజనం లేదు, తెలిసినవారికి అవసరం లేదు. పావురాలు పిట్టగోడ మీద నోళ్లు తెరుచుకొని వరుసగా కూర్చున్నాయి. కొన్ని మూసిన గూళ్ల తలుపులను రెక్కలతో కొడుతున్నాయి. ఆ మిద్దెకు మెట్లు లేవు, నిచ్చెన ఒక్కటే. నిచ్చెన ఎక్కే మోకాళ్లు నాకు లేవు.

శివకుమారి తన వాకిట్లోకి వచ్చి, "టీచరమ్మా, మా టైల్స్ మీద వాలుతాండాయి. ఏమన్నా చేయండి!" అన్నది. ఒక గిన్నెలో నీళ్లు పెట్టి ఆ పిట్టగోడ మీదికి జరపమని చెప్పాను. పెడితే అలవాటుపడతాయట. విహంగ సేవా సమితికి ఫోను చేశాను. ఫోటోలు తీసే మనిషి ఊళ్లో లేడని, అతడు రాగానే తప్పక వస్తామని అధ్యక్షులవారు మాట ఇచ్చారు. ఈలోగా పక్క వీధుల పావురాలవాళ్లు ఇద్దరు ముగ్గురు మా వీధిలో ఊరికే నడవడం మొదలుపెట్టారు, తలలు పైకెత్తి, ఆకాశంలో వాన వెతుకుతున్నవాళ్ల లాగా.

గత్యంతరం లేక రాజంపేటకు ఫోను చేశాను. అబీదా బీ అంతా విని, ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. అప్పుడే నాకు భయం వేసింది.

"ఇప్పుడే బస్సెక్కుతాండా టీచరమ్మా."

"పిల్ల ఎలా ఉన్నది?"

"కాళ్లు వాచిండాయి. నిన్న తల తిరుగుతాందన్నది. పొద్దున్నే మళ్లొచ్చేస్తా. ఒగ్గ రాత్రే గదా."

"ఆ ఒక్క రాత్రి ఏమైనా జరిగితే?" అని అడిగాను. వెనుక ఫిరోజా "యాడికమ్మా? యాడికి పోతాండావు?" అంటున్నది వినిపించింది.

సరిగ్గా ఆ సమయానికి వీధి మలుపులో హనుమేష్ కనిపించాడు. ఒక భుజం మీద నిచ్చెన, మరొక భుజం మీద గోనెసంచి. వీధికంతటికీ ఒకేసారి అర్థమైంది. కాచుకొని ఉన్న ఆ ఇద్దరు ముగ్గురూ "ముందే పట్టేసినాడు రా" అని పండ్లు కొరుక్కున్నారు. నేను ఫోను పట్టుకొని వాకిట్లోకి వచ్చి అడ్డం నిలబడ్డాను.

"సంచి ఎందుకు?"

"జొన్నలు టీచరమ్మా. పిట్టలు మీ మాదిరి ఇడ్లీలు తినవు గదా" అని సంచి మూతి విప్పి చూపించాడు. "తాళంచెవి ఇవ్వండి. గూళ్లు తెరవల్ల. నీళ్ల కుండ లోపలుండాది."

"పట్టుకుపోవడానికి రాలేదా?"

అతడు నన్ను చూసిన చూపు, ముప్పై ఏళ్లపాటు నేను తరగతిలో పిల్లలను చూసిన చూపు వంటిది.

"మనిషి లేని మిద్దె మీద పిట్టను పట్టేది మగతనమా టీచరమ్మా? అవతల ఈల ఎయ్యాల, నేనెయ్యాల. రెండు ఈలలు ఇని, నా కాడికొస్తే అది నాది. ఎవరూ లేని కాడ పట్టేదానికి నేనేమన్నా పిల్లినా?" ఆ మాట వీధిలో తిరుగుతున్న ఆ ఇద్దరు ముగ్గురికీ వినపడేంత గట్టిగానే అన్నాడు. వాళ్లకు హఠాత్తుగా వేరే పనులు గుర్తుకు వచ్చాయి.

తాళంచెవి ఇచ్చాను. ఫోను కూడా అతడి చేతికే ఇచ్చాను.

"అక్కా, నేను. గమ్మునుండు, ముందు ఇను. పిట్టలన్నీ ఈడే ఉండాయి. గూళ్లు తెరుస్తాండా... లేదు, కట్టను. కట్టనంటాండా గదా! వాటి గూట్లో అవి ఉంటే దారమెందుకు? అవి నా ఇంటికి రాలేవు గానీ, నేను వాటింటికి రాలేనా?... దుకాణం మూసినాక వస్తా. రోజూ వస్తా... ఊరకే గాదు, నీ పిట్టల మర్మాలన్నీ నేర్చుకుంటా. నువ్వొచ్చినాక ఒగ్గొగటీ నా మిద్దెకు లాగుతా సూడు... ఆ, తిట్టు. తిట్టినావంటే బాగున్నట్లే. బస్సు దిగు."

ఆమె ఇంకా బస్సెక్కలేదు. ఆ తరువాత ఎక్కనూ లేదు.

ఇన్నాళ్లూ పావురాలకు ఇల్లు వెతికిన మనుషులందరిలో, వాటికి ఇల్లు ఉన్నదన్న సంగతి ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు. వాటికి కావలసింది ఇల్లు కాదు, రోజూ నిచ్చెన ఎక్కే మనిషి. ఆ మనిషి దొరకడమే కష్టం గనుక, అందరమూ ఇల్లు లేదనుకోవడంలో సుఖం చూసుకున్నాము.

ఆ తరువాత హనుమేష్ ప్రతి సాయంకాలమూ వచ్చాడు. జొన్నలో సజ్జలో చల్లి, కుండ కడిగి నీళ్లు నింపి, గూళ్లు ఊడ్చేవాడు. పావురాలను ఎగరేసేటప్పుడు తన సొంత గుంపును తన మిద్దె మీద మూసి ఉంచి వచ్చేవాడు. రెండూ ఆకాశంలో కలిసిపోతే ఈమె పిట్ట ఏదైనా తన ఇంట దిగుతుందని. ఆ విధంగా అతడి పావురాలు ఆ వేసవి సగం గూళ్లలోనే కూర్చున్నాయి. తోటి పావురాలవాళ్లు వదలలేదు.

"ఏమప్పా, బీబమ్మ కాడ జీతానికి చేరినావంట!"

"ఔనప్పా. నీ కాడ చేరుదామంటే నీ మిద్దె మీద పిట్టే లేకపాయె."

ఒక పావురం డేగ పాలయింది. నల్ల తోకది. ఆ సంగతి దాచి ఉంచవచ్చు; ఆమె వచ్చేనాటికి ఎవరు లెక్క చూస్తారు? అతడు ఆ సాయంకాలమే ఫోను చేసి చెప్పి, పూర్తిగా తిట్లు తిని, మరునాడు యథాప్రకారం వచ్చాడు. వీరభద్రగారు కూడా ఒకనాడు ఫోటోలు తీసే మనిషితో దయచేసి, నిచ్చెన మీద ఉన్న హనుమేష్‌తో, జొన్నల చేట ఒకసారి తన చేతికిమ్మన్నారు. "ఈడికెక్కి వస్తే ఇస్తా సార్" అన్నాడితడు. అధ్యక్షులవారు నిచ్చెన వైపు చూశారు. అది తమ పరిధిలోకి రానట్టుంది.

ఫిరోజాకు ఆడపిల్ల, మగపిల్లవాడు పుట్టారు. చవితి పందిళ్లకు కర్రలు పాతుతున్న రోజుల్లో, అల్లుడు కొన్నాళ్లు ఇంటి పట్టునే ఉంటానన్నాక, అబీదా బీ తిరిగి వచ్చింది. చేతిసంచి నా అరుగు మీద పడేసి, నీళ్లైనా తాగకుండా నిచ్చెన ఎక్కింది. హనుమేష్ అప్పటికే పైన ఉన్నాడు. ఆమె ఈల వేసింది. పావురాలు పైన ఒక చుట్టు తిరిగి, సందేహించి, సగం ఆమె పక్కన, సగం అతడి పక్కన దిగాయి.

"నా పిట్టల్ని చెడగొట్టినావు" అన్నది అబీదా బీ. ఐదు నెలల సేవకు అతడికి దక్కిన కృతజ్ఞతావాక్యం అంతే.

"గూళ్లు సూడు ముందు. నువ్వున్నప్పుడు ఇట్ల ఉన్నాయా?"

ఆమె చూసింది. పై వరుసలో ఒక గూట్లో, ఆమె లేనప్పుడు పుట్టిన రెండు పిల్లలు ఉన్నాయి. ఈకలు నిండుగా వచ్చాయి గానీ ఇంకా ఎగరడం రాలేదు. వాటిని అతడికి చూపించి, ఎత్తుకుపొమ్మన్నది. అక్కడ మొదలైన తగాదా వీధి చివరికి వినిపించింది.

"నీ మిద్దె మీద పుట్టినాయి. నీవే."

"మేపింది నువ్వు. ఎత్తుకపో."

"నాకొద్దు. మేత పెట్టినందుకు కూలి తీసుకున్యాడంటారు."

"పెట్టుకుంటే నేను బాకీ పడినట్లైతాది. ఎత్తుకపోప్పా, నా తల తినొద్దు!"

ఇచ్చిపుచ్చుకోవడం చేతకాని ఇద్దరు మనుషులు ఇంత బిగ్గరగా ఇచ్చుకోవడం నేనెక్కడా చూడలేదు. అతడు గెలిచాననుకొని నిచ్చెన దిగి వెళ్లిపోయాడు.

మరునాడు ఉదయం అబీదా బీ ఒక బుట్టలో మెత్తగా దూది పరిచి, ఆ రెండింటినీ అందులో పెట్టి, నన్ను తోడు రమ్మన్నది. హనుమేష్ మిద్దెకు మెట్లు ఉన్నాయి గనుక నేనూ ఎక్కగలిగాను. ఎగరని పిల్లలు ఏ మిద్దె మీద మొదట రెక్క విప్పితే అదే వాటి ఇల్లు. వాటికి దారం అక్కర్లేదు. ఈ సంగతి పావురాలు పెంచే ప్రతివాడికీ తెలుసు. అందుకే బుట్టలోకి చూసిన హనుమేష్‌ చేతులు తుడుచుకొని, రెండింటినీ వేలితో మెల్లగా నిమిరాడు. అంత మెత్తదనం అతడికి కొత్త.

ఆ మెత్తదనాన్ని అబీదా బీ భరించలేదు. అతడి గూళ్లలోకి తల దూర్చి, ముక్కు మూసుకొని, వెనక్కి వచ్చింది.

"ఇదేమన్నా గూడా, కసువు దిబ్బా? కడిగి ఎన్నాళ్లయ్యింది? ఈ గబ్బులో నా పిల్లల్ని పెట్టేది లేదు."

"నచ్చకుంటే ఎత్తుకపో. నేనేమన్నా అడిగినానా?"

ఆమె ఎత్తుకుపోలేదు. బుట్టను నా ఒడిలో పెట్టి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకొని, నీళ్ల తొట్టి యాడుండాదని అడిగింది.